నెమ్మదిగా లాగితే సిలిండర్ గడియ పడటం లేదు: హ్యాండ్ మార్చే ముందు చూడవలసినవి

పుత్తూరు నుంచి రాసిన సోదరుడికి నమస్కారం.

మీరు రాసింది క్లుప్తంగా ఇది. నాన్నగారి .32 రివాల్వర్, ఆరు గదులది (గది అంటే తూటా పెట్టే అర), ఆ గదులుండే సిలిండర్ పక్కకు తెరుచుకునే పాతకాలపు దిగుమతి రకం. ఆయన పోయాక లైసెన్సు మీ పేరు మీదికి వచ్చింది. మొన్న రేంజిలో కాలుస్తుంటే పక్కన నిలబడ్డ వ్యక్తి చెంపకు సన్నటి సీసపు రజను తగిలింది. ఇంటికి వచ్చి ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్‌ను బాగా నెమ్మదిగా లాగి చూస్తే, రెండు గదుల దగ్గర సిలిండర్ గడియ పడకముందే హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి, పడిపోతోంది. వేగంగా లాగితే ఆరూ బాగానే ఉన్నాయి. తెలిసిన మెకానిక్ చూసి "హ్యాండ్ (సిలిండర్‌ను నెట్టి తిప్పే చిన్న భాగం) అరిగింది, లేత్ మీద కాస్త పొడవుగా కొత్తది చేయిస్తే సరిపోతుంది" అన్నారు. చేయించవచ్చా అని అడిగారు.

చేయించకండి. ఆ మెకానిక్ మాట పూర్తిగా తప్పని కాదు, హ్యాండ్ అరిగే వస్తువే. కానీ మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: "రెండు గదుల దగ్గర". ఆరు గదులనూ తిప్పేది ఒకటే హ్యాండ్. అది బాగా అరిగితే ఆరింటి దగ్గరా ఎంతో కొంత వెనకబాటు కనిపించాలి. నాలుగు సరిగ్గా నిలబడి రెండే తప్పుతున్నాయంటే, ముందుగా అనుమానించవలసింది ఆ రెండింటికి మాత్రమే సంబంధించినదాన్ని. అసలు కారణం తేలి, సరి అయ్యేదాకా దీనితో ఒక్క తూటా కూడా కాల్చకండి. చెంపకు తగిలిన రజను కంటికి తగలడానికి రెండు అంగుళాల దూరమే.

నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. చిత్తూరులో, ఆ తర్వాత తిరుపతిలో, పోలీసు ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్ గదిలో కిటికీ పక్కన వేసిన బల్ల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. రివాల్వర్ టైమింగ్ (సిలిండర్, గడియ, హ్యామర్ పనుల వరుస) విషయంలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అరుగుదల వల్ల వచ్చినవి కావు. కారణం తెలుసుకోకుండా ఆకురాయి పట్టినవారి వల్ల వచ్చినవి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ట్రిగ్గర్ లాగుతున్నప్పుడు లోపల జరిగే పనులకు ఒక వరుస ఉంది. మొదట సిలిండర్ కింద ఉండే గడియ, అంటే స్టాప్, గాడిలోంచి దిగి సిలిండర్‌ను వదులుతుంది. అప్పుడు హ్యాండ్ పైకి లేచి, సిలిండర్ వెనుక నక్షత్రంలా కనిపించే రాచెట్ పన్నును నెడుతుంది. సిలిండర్ 60 డిగ్రీలు తిరుగుతుంది. ఆ తిరుగుడు పూర్తయ్యేసరికి స్టాప్ మళ్లీ లేచి తరువాతి గాడిలో టక్కున కూర్చోవాలి. ఇదంతా అయ్యాకే హ్యామర్ పడాలి. గడియ పడటమూ హ్యామర్ విడుదల కావడమూ ఒకే క్షణంలో జరిగినా ఫరవాలేదు కానీ, హ్యామర్ ముందు పడకూడదు.

పడితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. సిలిండర్ ఇరుసు నుంచి గది మధ్యకు 11 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. సిలిండర్ ఒక్క డిగ్రీ తక్కువ తిరిగినా గదికీ బ్యారెల్‌కూ మధ్య సుమారు 0.19 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రెండు డిగ్రీలయితే 0.38. గుండు బ్యారెల్ వెనుక అంచుకు ఒక పక్క రాసుకుంటుంది. గీరుకుపోయిన సీసం సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న సందులోంచి పక్కకు చిమ్ముతుంది. మీ పక్కన నిలబడ్డవారి చెంపకు తగిలింది బహుశా అదే.

వేగంగా లాగినప్పుడు ఈ తప్పు ఎందుకు కనిపించదంటే, సిలిండర్ బరువైన వస్తువు. ఒకసారి ఊపు అందుకుంటే హ్యాండ్ నెట్టడం ఆపినా ఆ మిగిలిన ఒకటి రెండు డిగ్రీలు తనంతట తాను తిరిగి గడియలో పడుతుంది. నెమ్మదిగా లాగితే ఆ ఊపు ఉండదు, హ్యాండ్ ఎంతవరకు నెట్టిందో అంతే. కాబట్టి "వేగంగా లాగితే బాగానే ఉంది" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. గురి చూసి నిదానంగా కాల్చేవారికి దొరికేది ఆ నెమ్మది లాగుడే.

మీది పుత్తూరు కాబట్టి మీకు వేరే చెప్పనక్కరలేదు. విరిగిన చెయ్యి పట్టుకుని వచ్చినవారికి అక్కడ రాగానే కట్టు కట్టరు. ముందు వేళ్లతో తడిమి, ఎముక ఎక్కడ తప్పిందో, ఎటు జరిగిందో పట్టుకుంటారు. ఆ తర్వాతే పసరు, ఆకు, దబ్బలు. రివాల్వర్‌కూ అంతే. తడమడానికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు. కింద చెప్పేది మీరు ఇంట్లోనే చేయవచ్చు.

ముందు సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూడండి, ఆ తర్వాత చిటికెన వేలితో తాకి చూడండి. తూటాల డబ్బా మీరు కూర్చున్న చోట ఉండకూడదు, ఇంట్లో వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేయండి. రివాల్వర్ మూతి ఇసుక బస్తా వైపు ఉండాలి. మా గదిలో ఇసుక నింపిన పెట్టె ఒకటి ఎప్పుడూ బల్ల పక్కనే ఉండేది, ఖాళీ ఆయుధాన్ని కూడా దాని వైపే పట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఆరు గదుల్లోనూ స్నాప్ క్యాపులు (పేలని ఉత్తుత్తి తూటాలు) గానీ, కాల్చిన ఖాళీ షెల్స్ గానీ పెట్టండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, మీరు కూడా ఖాళీ గదులతోనే చూశారని రాశారు. రాచెట్ ఉండేది ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం మీద, అంటే రాడ్డు నొక్కితే షెల్స్‌ను బయటికి నెట్టే భాగం మీద. ఆ నక్షత్రం సిలిండర్‌లో కాస్త వదులుగా కూర్చుంటుంది. గదుల్లో షెల్స్ ఉంటే వాటి అంచులు దాన్ని అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచుతాయి. ఖాళీగా ఉంటే హ్యాండ్ నెట్టినప్పుడు నక్షత్రం కొద్దిగా జారి, ఆ మేరకు సిలిండర్ తక్కువ తిరుగుతుంది. ఖాళీగా చూస్తే వెనకబడినట్టు కనిపించి, షెల్స్ పెట్టగానే సరిగ్గా నిలబడిన రివాల్వర్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఒకవేళ మీ రెండు గదులూ ఇలాగే సరి అయిపోతే, రజనుకు కారణం వేరే చోట వెతకాలి. దాని సంగతి కింద చెబుతాను. ఒక జాగ్రత్త: ప్రైమర్ (షెల్ అడుగున దెబ్బ తగిలే చిన్న మూత) ఉబ్బి బయటికి వచ్చిన షెల్ వాడకండి, అది వెనుక పలకకు రాసుకుని తప్పుడు లెక్క చూపుతుంది.

స్కెచ్ పెన్నుతో సిలిండర్ మీద 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి. ఫ్యాను, టీవీ ఆపేయండి. రాత్రి పది దాటాక అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇది కంటి పని కన్నా చెవి పని.

ఎడమ చేతి బొటనవేలును సిలిండర్ మీద చాలా తేలికగా ఆనించండి. ఆపడానికి కాదు, ఆ ఊపు రాకుండా చూడటానికి మాత్రమే. కుడిచేతి బొటనవేలితో హ్యామర్‌ను వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తీయండి. మీకు రెండు టక్కులు వినబడాలి. ఒకటి స్టాప్ గాడిలో పడే చప్పుడు, కాస్త సన్నగా ఉంటుంది. రెండోది హ్యామర్ వెనుక నిలిచే చప్పుడు, కొంచెం బరువుగా ఉంటుంది. సన్నటిది ముందు వినబడితే ఆ గది సరే. రెండూ కలిసి వినబడితే అంచు మీద ఉంది. బరువైనది ముందు వచ్చి, ఆ తర్వాత సిలిండర్‌ను వేలితో కాస్త నెడితే సన్నటిది వస్తే, ఆ గది వెనకబడింది. ఇలా ఆరూ చూసి రాసుకున్నాక, హ్యామర్ ముట్టకుండా ట్రిగ్గర్ ఒక్కదానితోనే నెమ్మదిగా లాగి మళ్లీ ఆరూ చూడండి. ఒక రీతిలో సరిగ్గా ఉండి రెండో రీతిలో తప్పే రివాల్వర్లు ఉంటాయి, అందుకే రెండూ విడిగా రాయాలి. మొత్తం మూడుసార్లు చేయండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు.

ఆ కాగితమే మీ రోగ నిర్ధారణ. మూడుసార్లూ అవే రెండు అంకెలు వచ్చి, అవి పక్కపక్కన లేకపోతే, ఉదాహరణకు 2, 5 అనుకుందాం, ఆ గదులకు చెందిన రాచెట్ పళ్లు అరిగాయనో, ఎవరో ఎప్పుడో గీకారనో అనుకోవచ్చు. పక్కపక్క అంకెలు వచ్చి, అక్కడ ట్రిగ్గర్ కూడా బరువెక్కి, అవతలి వైపు తేలికవుతుంటే, ఎక్స్‌ట్రాక్టర్ రాడ్డు వంగింది లేదా నక్షత్రం కింద ఏదో ఇరుక్కుంది. సిలిండర్ తెరిచి వేలితో తిప్పుతూ రాడ్డు కొనను చూడండి. కొన గిరికీ కొడుతుంటే వంకర ఉన్నట్టే. ప్రతిసారీ వేరే వేరే అంకెలు వస్తే అది మురికి, జిడ్డు, బలహీనమైన స్ప్రింగు, ఈ మూడింట్లో ఒకటి. ఆరూ ఒకే తీరుగా వెనకబడితేనే హ్యాండ్ అరిగిందన్న మాట ఎత్తాలి.

నక్షత్రం కింద ఇరుక్కునేది సాధారణంగా కాలని మందు రేణువు. ఆవగింజలో సగం ఉండదు. కానీ అది నక్షత్రాన్ని పూర్తిగా కూర్చోనివ్వదు. సిలిండర్ వెనుక పలకకు రాసుకుంటూ బరువుగా తిరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రివాల్వర్ మూడో మరమ్మతు నుంచి మా దగ్గరికి వచ్చింది. బయటి పనివాడొకరు ప్రతిసారీ హ్యాండ్ మార్చి పంపారు, మూడు హ్యాండ్లకూ డబ్బు తీసుకున్నారు. నక్షత్రాన్ని పైకి లేపి, టార్చి వేసి, పాత టూత్ బ్రష్‌తో తుడిస్తే తెల్ల కాగితం మీద రెండు నల్లటి పలుకులు రాలాయి. అంతే, ఆ రివాల్వర్‌కు ఉన్న జబ్బు. అప్పటికే మూడు హ్యాండ్ల కోసం దాని రాచెట్ పళ్లు గీకి ఉన్నారు. ఆ నష్టం మాత్రం తుడిస్తే పోలేదు. రేంజిలో ఖాళీ షెల్స్ తీసేటప్పుడు మూతి పైకి ఎత్తి రాడ్డు నొక్కండి. రేణువులు నక్షత్రం కిందికి పోకుండా నేల మీద పడతాయి. నేల వైపు మూతి పెట్టి షెల్స్ లాగే అలవాటు వల్లే ఇవి లోపలికి చేరతాయి.

జిడ్డు గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలను స్టేషన్లలో డిపాజిట్ చేయించుకోవడం మీకు తెలిసిందే. అలా వచ్చిన వాటిలో పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన రివాల్వర్ ఉండేది. తిరిగి తీసుకెళ్లిన కొన్నాళ్లకు, డిసెంబరులో, "ఉదయం నా రివాల్వర్ తిరగదు, మధ్యాహ్నం తిరుగుతుంది" అంటూ వచ్చారు. విన్నవాళ్లు నమ్మలేదు. నేను మాత్రం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొబ్బరినూనె వాసన. ఆయన ఏళ్ల తరబడి ఇంట్లో తలకు రాసుకునే నూనెనే దానికీ వేస్తున్నారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. పలమనేరు చలికాలపు ఉదయాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గడ్డకట్టిన నూనెలో హ్యాండ్ వెనుక ఉండే చిన్న స్ప్రింగు హ్యాండ్‌ను రాచెట్ వైపు నెట్టలేకపోయేది. ఎండెక్కి నూనె కరగగానే అంతా మామూలే. పైపలక (లోపలి భాగాలను కప్పే పక్క మూత) తీసి చూస్తే పాత నూనె పసుపు రంగు జిగురులా మారి మూలమూలనా పేరుకుని ఉంది. కడిగి, సన్నటి మెషిన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి ఇచ్చాను. ఒక్క భాగం కూడా మార్చలేదు.

మీ నాన్నగారు ఏ నూనె వాడేవారో ఇంట్లో అడగండి. రివాల్వర్‌ను తోలు ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టేవారా అన్నదీ అడగండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. నిల్వకు ఒర వద్దు, పొడిగా ఉన్న నూలు గుడ్డలో చుట్టండి చాలు.

ఇక రజనుకు మిగిలిన కారణాలు. సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. ఆ ఆటను ఎండ్ షేక్ అంటారు. మోటారు సైకిల్ మెకానిక్కులు ట్యాపెట్ సరిచేసే ఫీలర్ గేజ్ ఉంటే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు కొలవవచ్చు. సిలిండర్‌ను వెనక్కి నెట్టి ఒకసారి, ముందుకు నెట్టి ఒకసారి కొలవండి. రెండింటి తేడాయే ఎండ్ షేక్. అది 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే దాని జోలికి పోనవసరం లేదు, 0.1 దాటితే సరిచేయించాలి. సందు మాత్రం 0.10 నుంచి 0.20 దాకా మామూలే, 0.25 దాటితే చిమ్మడం ఎక్కువవుతుంది. ఎండ్ షేక్ ఎక్కువైతే హ్యాండ్ రాచెట్‌ను పట్టే చోటే మారిపోతుంది కాబట్టి టైమింగ్ కూడా తప్పవచ్చు. దీన్ని సరిచేయకుండా హ్యాండ్ మార్చడం పునాది కుంగిన గోడకు సున్నం కొట్టడమే.

టైమింగ్ ఆరింటికీ సరిగ్గా ఉండి, అయినా సీసం గీరుకుంటుంటే, గది గడియలో పడ్డాక కూడా బ్యారెల్‌తో సూటిగా లేదన్నమాట. అది మీరు ఇంట్లో చూడగలిగేది కాదు. బ్యారెల్ లోపలి కొలతకు సరిపోయే రేంజ్ రాడ్డును మూతి నుంచి దించి ప్రతి గదిలోకి తగలకుండా దిగుతోందో లేదో మరమ్మతు చేసేవారు చూస్తారు. చూడమని మీరే అడగండి.

హ్యాండ్ సంగతికి వస్తాను, ఎందుకంటే మీ మెకానిక్ చెప్పిన "పొడవుగా" అన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. స్మిత్ అండ్ వెస్సన్ పద్ధతిలో చేసిన రివాల్వర్లలో హ్యాండ్ కొన పన్నును కింది నుంచి నెట్టడం మొదలుపెడుతుంది. కానీ చివరి కొద్ది డిగ్రీలు తిప్పేది కొన కాదు, పన్ను పక్కగా పైకి జారే హ్యాండ్ పక్క భాగం. అంటే చివరి నెట్టుడును నిర్ణయించేది హ్యాండ్ పొడవు కాదు, మందం. అరిగితే కాస్త మందమైన హ్యాండ్ వేస్తారు. పొడవు పెంచితే వెనకబాటు అలాగే ఉంటుంది, తిరుగుడు మొదలయ్యే చోట కొత్త తంటా వస్తుంది. పాత కోల్ట్ పద్ధతిలో వేరు. అక్కడ హ్యాండ్ కొనకు రెండు మెట్లు ఉంటాయి, చివరిదాకా అది పన్నును నెట్టి పట్టుకునే ఉంటుంది, అక్కడ పొడవు ముఖ్యం. మీది ఏ పద్ధతిదో తెలియాలంటే వెనుక నుంచి చూస్తూ హ్యామర్‌ను వెనక్కి లాగండి. సిలిండర్ ఎడమకు, గడియారం తిరిగే దిశకు ఎదురుగా తిరిగితే అది స్మిత్ అండ్ వెస్సన్ తరహాది, కుడికి తిరిగితే కోల్ట్ తరహాది. ఇంకో తేడా కూడా ఉంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు సిలిండర్ వెంట్రుకంత అటూ ఇటూ కదిలితే మొదటి తరహాలో అది లోపం కాదు, పాత కోల్ట్‌లో అయితే అసలు కదలకూడదు. ఈ తేడా తెలియక మంచి రివాల్వర్‌ను చెడిందన్నవారిని చూశాను.

మీ కాగితం మీద రెండు పళ్లే అరిగాయని తేలినా మందం హ్యాండ్ వేయవలసి రావచ్చు. అప్పుడు వెనకబడిన రెండు గదులకు సరిపోయే మందం ఎంచుకోవాలి. ఆ మందం మిగిలిన నాలుగు పళ్లకు బిగుతవుతుంది కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా, ఒకటి రెండు రాపిడులు చేసి మళ్లీ పరీక్షిస్తూ సరిచేయాలి. ఒక పూట పని. ఒక్క పన్ను ఎక్కువ గీకితే మళ్లీ మొదటికే. సరైన గేజీలు, సరైన ఉక్కు, వేడిపెట్టి గట్టిపరిచే విద్య లేని లేత్ షాపులో అయ్యే పని కాదిది. మెత్తటి ఇనుముతో చేసిన హ్యాండ్ కొద్ది రోజుల్లోనే నలిగిపోతుంది.

పైగా చట్టం కూడా ఒప్పుకోదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీల తయారీకి, అమ్మకానికి ఎలాగో, మరమ్మతుకూ అలాగే లైసెన్సు ఉండాలి. లేత్ షాపులో ఒక్క పూట ఉంచినా చిక్కుల్లో పడేది మీరూ, ఆ షాపు ఆయనా. మరమ్మతుకు లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే తీసుకెళ్లండి. మీ లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి. రివాల్వర్ ఖాళీగా, తూటాలు ఇంట్లో. నంబరు వేసి రిజిస్టరులో రాయించి, రసీదు తీసుకుని, ఆ రసీదును ఫోటో తీసి పెట్టుకోండి.

అప్పగించేటప్పుడు "హ్యాండ్ మార్చండి" అని చెప్పకండి. మీరు రాసిన ఆరు గడుల కాగితం ఇచ్చి, సిలిండర్ మీద అంకెలు చెరపకుండా అలాగే ఉంచండి. అంకెలు చూసి ఆయన కూడా మళ్లీ పరీక్షించి, మీ కాగితంతో పోల్చి, ఆ తర్వాతే పైపలక తీయాలి. పైపలకను స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తేవారైతే రివాల్వర్ వెనక్కి తీసుకుని వచ్చేయండి. తెలిసినవారు స్క్రూలు తీసి, ఫ్రేమ్‌ను చెక్క పిడితో చిన్నగా తడతారు, పలక దానంతట అదే లేస్తుంది. పని అయ్యాక మీ ఎదుటే, ఆరు గదుల్లో షెల్స్ పెట్టి, రెండు రీతుల్లోనూ నెమ్మదిగా లాగి చూపించమనండి. పన్నెండు సార్లూ సన్నటి టక్కు ముందు వినబడితేనే డబ్బు ఇవ్వండి.

కాగితం తయారయ్యాక ఆ అంకెలు ఇక్కడ రాయండి, ఎడమకు తిరుగుతోందో కుడికి తిరుగుతోందో కూడా రాయండి. నక్షత్రం కింద తుడిచినప్పుడు ఏమైనా రాలితే అది తప్పకుండా చెప్పండి.